చేయూతే కెరియర్‌.. చెయ్యి వదలడమూ రావాలి!

ఆటిజం, డౌన్ సిండ్రోమ్, మేధో వైకల్యం ఉన్నవారు పెద్దయ్యాక సొంతంగా బతకడానికి తోడ్పడేవాళ్లు కావాలి. ఇది సేవ ఒక్కటే కాదు. కోర్సులు, లైసెన్సు, ప్రభుత్వ పోస్టులు, టెక్నాలజీ అవకాశాలు ఉన్న వృత్తి. అందులో ఏం చేస్తారు? ఎవరికి నప్పుతుంది? ఎలా అడుగుపెట్టాలి?

‘మేం ఉన్నన్నాళ్లూ ఫర్వాలేదు.. మా తర్వాత వీడి సంగతేంటి?’

ఎదుగుదల సంబంధిత వైకల్యాలున్న పిల్లల తల్లిదండ్రులు నలుగురు కలిస్తే మాట తిరిగి తిరిగి ఇక్కడికే వస్తుంది. పిల్లలు అన్నామే గానీ, వాళ్లలో చాలామందికి పాతికేళ్లు, ముప్పై ఏళ్లు ఉంటాయి. స్కూలు వయసు ఎప్పుడో దాటిపోయింది. రోజంతా టీవీ ముందో, కిటికీ దగ్గరో గడిచిపోతుంది. అన్నం కలిపి పెట్టేది అమ్మ, బయటకు తీసుకెళ్లేది నాన్న. వాళ్లకేమో అరవై దాటుతున్నాయి, మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి.

2011 జనాభా లెక్కల్లో దేశంలో మేధో వైకల్యం ఉన్నవారే సుమారు 15 లక్షల మంది. ఆ లెక్కల్లో ఆటిజానికి విడిగా గడి కూడా లేదు. వీళ్లకు కావాల్సింది జీవితాంతం కాపలా కాసేవాళ్లు కాదు. టీ పెట్టుకోవడం, బస్సెక్కడం, డబ్బు లెక్క చూసుకోవడం, ఉద్యోగానికి వెళ్లడం.. ఇవన్నీ పద్ధతిగా నేర్పి, నేర్చుకున్నాక పక్కకు తప్పుకోగల మనుషులు. ఆ పని నేర్చుకున్న యువతకు మన దగ్గర పెద్ద కొరత ఉంది.

నేను చదివింది ఇంజినీరింగ్. రాసేది ఫోన్లు, యాప్‌ల గురించి. వైకల్యం ఉన్నవారికి పనికొచ్చే యాప్‌ల గురించి చదువుతూ చదువుతూ ఈ రంగం లోపలికి చూశాను. డిగ్రీ, బీటెక్ ఫైనలియర్‌లో ‘తర్వాతేంటి’ అని ఆలోచిస్తున్నవాళ్లకు దీని గురించి చెప్పేవాళ్లే లేరనిపించింది. అందుకే ఈ వ్యాసం.

ఒంటరిగా కాదు.. సొంతంగా

‘స్వతంత్ర జీవనం’ అనగానే మనకు తట్టేది, ఎవరి సాయమూ లేకుండా అన్నీ తనే చేసుకోవడం. నిజానికి అలా ఎవరం బతుకుతున్నాం? దారి తెలియకపోతే గూగుల్ మ్యాప్స్. వంట రాకపోతే మెస్సు. ఐటీ రిటర్న్స్‌కు ఆడిటరు. పొద్దున్నే లేవాలంటే అలారం, లేదా అమ్మ ఫోన్. ఇన్ని సాయాలు తీసుకుంటున్నా మనల్ని ఎవరూ ‘ఆధారపడినవాళ్లు’ అనరు. ఎందుకంటే ఏ సాయం, ఎప్పుడు, ఎవరి దగ్గర తీసుకోవాలన్నది మనమే తేల్చుకుంటున్నాం. ఎదుగుదల సంబంధిత వైకల్యం ఉన్నవారి విషయంలోనూ కొలమానం ఇదే. ఎంత సాయం అవసరమైనా సరే, నిర్ణయం వాళ్ల చేతిలో ఉండాలి.

ఇది మంచిమాట వరకే ఆగిపోలేదు, చట్టంగా మారింది. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన దివ్యాంగుల హక్కుల ఒడంబడికలో 19వ అధికరణం దీని గురించే. భారత్ 2007లో దానికి అంగీకారం తెలిపింది. ఆ వెలుగులో వచ్చిందే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం. దాని 5వ సెక్షన్ ప్రకారం సమాజంలో అందరితోపాటు బతికే హక్కు దివ్యాంగులకు ఉంది. ‘నువ్వు ఫలానా హోంలోనే ఉండాలి’ అని ఎవరూ బలవంతం చేయకూడదు.

అమెరికాలో ఈ మాట కోర్టుదాకా వెళ్లింది. జార్జియా రాష్ట్రంలో లోయిస్ కర్టిస్, ఎలైన్ విల్సన్ అనే ఇద్దరు మహిళలకు మేధో వైకల్యంతోపాటు మానసిక అనారోగ్యం ఉండేది. బయట ఉండగలరని వైద్యులే చెప్పినా వాళ్లను ఆసుపత్రిలోనే ఉంచేశారు. 1999లో అమెరికా సుప్రీంకోర్టు, అవసరం లేకుండా అలా వేరుగా ఉంచడం వివక్షేనని తీర్పిచ్చింది. లోయిస్ తర్వాత బయటికొచ్చి, బొమ్మలు వేస్తూ చిత్రకారిణిగా పేరు తెచ్చుకున్నారు. 2011లో వైట్‌హౌస్‌కు వెళ్లి తాను గీసిన చిత్రాన్ని అధ్యక్షుడు ఒబామాకు ఇచ్చారు. ఆసుపత్రి గదిలోనే ఉండిపోతే ఆ బొమ్మలు బయటికి వచ్చేవా?

టీ పెట్టడం ఒక ప్రోగ్రామే!

ఇంతకీ ఈ ఉద్యోగంలో రోజూ చేసేదేంటి? ఉదాహరణకు మేధో వైకల్యం ఉన్న పాతికేళ్ల కుర్రాడికి టీ పెట్టడం నేర్పాలనుకుందాం. ‘టీ పెట్టు’ అనేది మనకు ఒకే పని. అతనికి అది పదిహేను పనుల మూట. గిన్నె తీయాలి. కప్పుతో నీళ్లు కొలవాలి. స్టవ్ వెలిగించాలి. టీ పొడి, పంచదార వేయాలి. పాలు పోయాలి. పొంగేలోపు మంట తగ్గించాలి. వడకట్టాలి. అన్నిటికన్నా ముఖ్యంగా స్టవ్ ఆపాలి.

ఈ మూట విప్పి, వరసగా రాసుకోవడాన్ని ‘టాస్క్ అనాలిసిస్’ అంటారు. కోడింగ్ తెలిసినవాళ్లకు ఇది కొత్తేం కాదు, పెద్ద సమస్యను చిన్న ఫంక్షన్లుగా విడగొట్టడమే. తర్వాత ఒక్కో మెట్టు దగ్గర అతను ఏం చేస్తున్నాడో చూసి రాసుకుంటారు. సొంతంగా చేశాడా? చెబితే చేశాడా? చూపిస్తే చేశాడా? చెయ్యి పట్టుకుంటేనే చేశాడా? ఈ సాయాలకు ఈ రంగంలో పేరు ‘ప్రాంప్ట్’. మీకు ఆ మాట వినగానే చాట్‌జీపీటీ గుర్తుకు రావచ్చు, కానీ ప్రత్యేక విద్యలో దాన్ని దశాబ్దాలుగా వాడుతున్నారు. అక్కడికీ ఇక్కడికీ తేడా ఒకటుంది. ఇక్కడ మంచి ప్రాంప్ట్ అంటే రోజురోజుకూ తగ్గిపోయేది. చెయ్యి పట్టుకోవడం నుంచి వేలితో చూపించడానికి, అక్కడి నుంచి ఒక్క మాటకు, ఆ తర్వాత గోడమీద అంటించిన బొమ్మల చార్టుకు.. చివరికి ఏమీ లేకుండా. దీన్నే ‘ఫేడింగ్’ అంటారు. కొత్తగా చేరినవాళ్లకు కష్టమనిపించేది ఇదే. ఎదుటి మనిషి తడబడుతుంటే చేతులు కట్టుకుని పది సెకన్లు ఆగడం మన ఇళ్లలో ఎవరికీ అలవాటు లేదు కదా!

ఇంకో కిటుకు చూడండి. చాలాసార్లు చివరి మెట్టును ముందు నేర్పుతారు. మొదటి రోజు టీ అంతా మీరే పెట్టి, కప్పులో పోసి అమ్మకు ఇచ్చే పని అతనికి వదులుతారు. రెండో వారం వడకట్టడం కూడా అతనిదే. ఇలా వెనక నుంచి ముందుకు వస్తారు. దీనివల్ల మొదటి రోజే ‘నా చేతి టీ’ అని ఇచ్చిన ఆనందం అతనికి దక్కుతుంది. మర్నాడు మళ్లీ వంటింట్లోకి రావడానికి అదే కారణమవుతుంది.

మరి స్టవ్ ఆపడం ఎంత నేర్పినా మర్చిపోతుంటే? అప్పుడు మార్చాల్సింది మనిషిని కాదు, స్టవ్‌ని. టైమర్ ఉన్న ఇండక్షన్ స్టవ్ పెడితే గండం తప్పుతుంది. మనిషిలో లోపాలు వెతకడం ఆపి పరిసరాల్లో మార్పు వెతకడం ఈ వృత్తిలో సగం పని.

డబ్బు లెక్క కూడా ఇలాగే. కూడికలు, తీసివేతలు రాకపోతే కొట్టుకు వెళ్లకూడదా? రూ.37 బిల్లయితే పది రూపాయల నోట్లు మూడు లెక్కపెట్టి, ‘పైన ఇంకొకటి’ ఇమ్మని నేర్పుతారు. నాలుగు నోట్లు ఇస్తాడు, చిల్లర తీసుకుంటాడు. లెక్కలు రాకున్నా కొనడం వచ్చేసింది.

‘వీళ్లకు ఇవన్నీ వస్తాయా’ అని సందేహించేవారికి 1970ల్లోనే అమెరికాలో మార్క్ గోల్డ్ అనే పరిశోధకుడు జవాబు చూపించారు. ఏ పనికీ పనికిరారని పక్కనపెట్టిన, తీవ్ర మేధో వైకల్యం ఉన్నవారికి ఆయన సైకిల్ బ్రేకు బిగించడం నేర్పారు. ఎన్నో విడిభాగాలు వరస తప్పకుండా అమర్చాల్సిన పని అది. ఆయన వాదన ఒక్కటే. నేర్చుకోలేకపోతే నేర్చుకునేవాడిని తప్పుపట్టకు, నేర్పే పద్ధతి మార్చి చూడు.

పడే హక్కు కూడా ఉండాలి

ఇప్పుడు కష్టమైన సంగతి. ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయి ఒక్కతే బస్సెక్కి పనికి వెళ్తానంటోంది. ఆమెకు డౌన్ సిండ్రోమ్ ఉంది. ఇంట్లో అమ్మానాన్నలకు నిద్ర పట్టదు. మీరైతే ఏం చేస్తారు?

‘వద్దు, ప్రమాదం’ అనేయడం తేలిక. ‘వెళ్లనివ్వండి, ఆమె ఇష్టం’ అనేయడం కూడా తేలికే. శిక్షణ ఉన్నవాళ్లు ఈ రెండింటి మధ్య మెట్లు కడతారు. మొదటి వారం పక్క సీట్లో కూర్చుంటారు. తర్వాత రెండు సీట్ల వెనక. ఆ తర్వాత బస్సు వెనకాల బండి మీద. ఆపైన స్టాపులో ఎదురుచూస్తారు. చివరికి ‘చేరాను’ అనే ఒక్క మెసేజ్ చాలు. బస్సు నంబరును బొమ్మలా గుర్తుపెట్టుకోవడం, స్టాపు దాటిపోతే కండక్టర్‌ను అడగడం, ఫోన్ చార్జింగ్ అయిపోతే ఏం చేయాలన్నది.. ఇవన్నీ ముందే సాధన చేయిస్తారు. తప్పిపోయినప్పుడు ఏం చేయాలో తెలిసినవాళ్లే ధైర్యంగా బయటికి వెళ్లగలరు.

దీనికి 1972లోనే రాబర్ట్ పెర్స్కీ అనే రచయిత ‘డిగ్నిటీ ఆఫ్ రిస్క్’ అని పేరు పెట్టారు. ప్రమాదాన్ని ఎదుర్కోవడంలోనూ మనిషికి ఒక గౌరవం ఉంది, దాన్ని పూర్తిగా లాగేసుకుంటే బతుకే మిగలదన్నది ఆయన ఆలోచన. అలాగని జాగ్రత్తలు వదిలేయమని కాదు. ఓటీపీ అడిగేవాళ్లు, స్నేహం పేరుతో డబ్బు గుంజేవాళ్లు, ఒంటిమీద చెయ్యి వేసేవాళ్లు ఇలాంటివారినే ముందు వెతుక్కుంటారు. అందుకే ‘వద్దు’ అని గట్టిగా చెప్పడం, ఎవరికి చెప్పుకోవాలో తెలుసుకోవడం శిక్షణలో తప్పనిసరి పాఠాలు. చిన్నప్పటి నుంచీ ‘చెప్పింది చెయ్యి’ అనే మాటకే అలవాటు పడ్డ మనిషికి ‘వద్దు’ అనడం నేర్పాలంటే, ముందు మీరు చెప్పిందానికి ‘వద్దు’ అంటే ఒప్పుకోవాలి.

జాబ్ కోచ్: కొలువు చూపించి, నేర్పించి, తప్పుకునేవాడు

పాత పద్ధతిలో ముందు శిక్షణ, తర్వాత ఉద్యోగం. ఏళ్ల తరబడి ఒక కేంద్రంలో కొవ్వొత్తులు, కాగితం కవర్లు చేయించేవారు. శిక్షణ ఎప్పటికీ పూర్తయ్యేది కాదు, ఉద్యోగం ఎప్పటికీ వచ్చేది కాదు. 1980ల్లో అమెరికాలో ఈ వరసను తిరగేశారు. ముందు నిజమైన కొలువులో చేర్చు, పని అక్కడే నేర్పు. దీన్నే ‘సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్’ అంటారు. అందులో కీలకమైన వ్యక్తి జాబ్ కోచ్.

జాబ్ కోచ్ ముందుగా అభ్యర్థికి ఏది ఇష్టమో, ఏది చికాకో చూస్తారు. శబ్దం పడనివారిని హోటల్ కిచెన్‌లో పెడితే ఎవరికీ లాభం లేదు. సరుకు వరసగా సర్దడం ఇష్టమైనవారు సూపర్‌మార్కెట్‌లో రాణించవచ్చు. తర్వాత యజమానితో మాట్లాడి పనిని విడగొడతారు. మొదటి రోజుల్లో పక్కనే ఉండి నేర్పుతారు. ఆ తర్వాత ఆ పాత్ర తోటి ఉద్యోగులకు అప్పగిస్తారు. ‘భోజనానికి రమ్మని పిలవండి, రెండు పనులు ఒకేసారి చెప్పకండి, షిఫ్ట్ మారితే ముందురోజే చెప్పండి’ అని వాళ్లకు వివరిస్తారు. ఇంటర్వ్యూలో కళ్లలోకి చూసి మాట్లాడలేదని తిరస్కరించకుండా, పని చేయించి చూడమని హెచ్ఆర్‌ను ఒప్పిస్తారు. ఈ చిన్న మార్పులే ఉద్యోగం నిలబెడతాయి.

కంపెనీలు తీసుకుంటున్నాయా అంటే, దారి చూపినవి ఉన్నాయి. డెన్మార్క్‌లో థార్కిల్ సోన్ తన కొడుక్కు ఆటిజం ఉందని తెలిశాక 2004లో ‘స్పెషలిస్టర్న్’ సంస్థ పెట్టి, ఆటిజం ఉన్నవారికి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ లాంటి పనులు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ సంస్థతో కలిసి సాప్ కంపెనీ 2013లో ‘ఆటిజం ఎట్ వర్క్’ ప్రకటించింది. అంతకుముందే బెంగళూరులోని తన కేంద్రంలో ఆటిజం ఉన్నవారిని టెస్టర్లుగా తీసుకుని చూసింది. మైక్రోసాఫ్ట్ 2015లో ఇలాంటి నియామకాలు ప్రారంభించింది. అలాగని ఇది ఐటీకే పరిమితం కాదు. అలీనా ఆలం 2017లో ప్రారంభించిన మిట్టి కేఫ్‌ మొదట కర్ణాటకలోని హుబ్బళ్లిలో మొదలైంది. వైకల్యం ఉన్నవారే నడిపే ఈ కేఫ్‌లలో ఒకటి 2023లో సుప్రీంకోర్టు ఆవరణలోనూ తెరుచుకుంది. లెమన్ ట్రీ హోటళ్లలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారు పనిచేస్తున్నారు.

ప్రభుత్వ ఉద్యోగాల సంగతికొస్తే, 2016 చట్టం రిజర్వేషన్‌ను 3 నుంచి 4 శాతానికి పెంచింది. పెరిగిన ఆ 1 శాతం కోటాలో మేధో వైకల్యం, ఆటిజం, లెర్నింగ్ డిజెబిలిటీ, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి చోటిచ్చింది. ఆ పోస్టుల్లో చేరినవారు నిలదొక్కుకోవాలన్నా పక్కన కోచ్ కావాల్సిందే.

టెకీలూ.. స్మార్ట్ స్టిక్ చాలు, ఇవి చూడండి

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏటా కనీసం ఒక బ్యాచ్ అల్ట్రాసోనిక్ సెన్సర్‌తో ‘అంధుల కోసం స్మార్ట్ స్టిక్’ ప్రాజెక్టు చేస్తుంది. వైవా అయిపోగానే అది ల్యాబ్ బీరువాలోకి వెళ్తుంది. దాన్ని వాడాల్సిన మనిషిని ఆ బ్యాచ్‌లో ఒక్కరైనా కలిశారా అంటే సమాధానం మీకే తెలుసు. మేధో వైకల్యం ఉన్నవారి కోసమైతే ఆ స్టిక్ లాంటిది కూడా పెద్దగా ఎవరూ చేయడం లేదు. పని చేయాలనుకునేవాళ్లకు మైదానం ఖాళీగా ఉంది.

ఇప్పటికే ఉన్నవి ముందు చూడండి. మాట రానివారు బొమ్మలు నొక్కితే ఫోన్ మాట్లాడే ‘అవాజ్’ను చెన్నైకి చెందిన అజిత్ నారాయణన్ బృందం తయారు చేసింది. ఆయన ఐఐటీ మద్రాసు పూర్వ విద్యార్థి. ఇదే పనికి ఐఐటీ బాంబేలో ‘జెల్లో’ రూపొందింది. ఆపిల్ 2023లో ఐఓఎస్ 17తోపాటు ‘అసిస్టివ్ యాక్సెస్’ తెచ్చింది. అది ఆన్ చేస్తే ఐఫోన్ తెరమీద పెద్ద బొమ్మలతో కావాల్సిన నాలుగైదు యాప్‌లే కనిపిస్తాయి.

మన దేశంలో నాకు బాగా ఆసక్తిగా అనిపించింది యూపీఐ సర్కిల్. 2024లో ఎన్‌పీసీఐ తెచ్చిన ఈ సదుపాయంలో ఖాతాదారు తనకు నమ్మకమైన మరొకరికి చెల్లించే అధికారం ఇవ్వవచ్చు. పూర్తి అధికారం ఇస్తే నెలకు రూ.15 వేలు, ఒక్కో చెల్లింపుకు రూ.5 వేలు మించకుండా పరిమితి ఉంటుంది. పాక్షికంగా ఇస్తే ప్రతి చెల్లింపునూ ఖాతాదారు ఆమోదించాలి. దీన్ని వైకల్యం ఉన్నవారి కోసమే తయారు చేయలేదు. అయినా సొంత ఖాతా లేని ముప్పై ఏళ్ల మనిషి తన చేతులతో పాల ప్యాకెట్ కొనుక్కోవడానికి, అదే సమయంలో మోసగాళ్ల చేతిలో భారీగా నష్టపోకుండా ఉండటానికి ఇది సరిగ్గా సరిపోతుంది.

చేయాల్సింది ఇంకా బోలెడు. తెలుగులో మాట్లాడే, నెట్ లేకపోయినా పనిచేసే బొమ్మల దినచర్య యాప్. ఏటీఎం, ఆసుపత్రి ఓపీ చీటీ, రేషన్ దుకాణం లాంటి మన పనులకు మెట్లవారీ గైడ్. ప్రభుత్వ ఫారాలను తేలిక తెలుగులోకి మార్చడం. వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ త్రీ సీ సంస్థ 2021లో మేధోపరమైన, అభ్యసన వైకల్యాలు ఉన్నవారికి అర్థమయ్యేలా డిజైన్ చేయడంపై మార్గదర్శకాలు విడుదల చేసింది. ఫ్రంట్ ఎండ్ నేర్చుకుంటున్నవారు అవి చదివి, నిజమైన వాడుకరులతో పరీక్షించి ఒక ప్రాజెక్టు చేస్తే, యాక్సెసిబిలిటీ టెస్టర్, యూఎక్స్ రీసెర్చర్ కొలువుల ఇంటర్వ్యూల్లో చెప్పుకోవడానికి గట్టి సరుకు ఉంటుంది.

ఒక్క హెచ్చరిక. లొకేషన్ ట్రాకర్, ఇంట్లో కెమెరా.. ఇవి పెట్టడం చాలా సులువు. తీసేయడం కష్టం. పెట్టేముందు ఇంట్లోవాళ్లతోపాటు ఆ మనిషిని కూడా అడగాలి. మీ ఫోన్‌లో మీకు చెప్పకుండా ట్రాకర్ వేస్తే ఎలా ఉంటుందో, వాళ్లకూ అలాగే ఉంటుంది.

ఏ కోర్సు? ఏ కొలువు?

ఈ రంగంలో ముందు గుర్తుంచుకోవాల్సిన పేరు ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. 1992 నాటి చట్టం ప్రకారం ప్రత్యేక విద్య, పునరావాస రంగ నిపుణులు ఇందులో నమోదై ఉండాలి. నమోదు లేకుండా ప్రాక్టీసు చేస్తే ఏడాది వరకు జైలు, జరిమానా పడే వీలుంది. కాబట్టి ఏ సంస్థలో చేరాలన్నా ఆ కోర్సుకు ఆర్‌సీఐ గుర్తింపు ఉందో లేదో చూశాకే ఫీజు కట్టండి.

డిప్లొమా: ఇంటర్ పూర్తిచేసినవారికి ప్రత్యేక విద్యలో రెండేళ్ల డీఎడ్ ఉంది. వొకేషనల్ రిహాబిలిటేషన్‌లో డిప్లొమా చేస్తే ఉపాధి శిక్షణ వైపు వెళ్లవచ్చు.

బీఎడ్ స్పెషల్ ఎడ్యుకేషన్: డిగ్రీ తర్వాత రెండేళ్లు. మేధో వైకల్యం, ఆటిజం, లెర్నింగ్ డిజెబిలిటీ లాంటి స్పెషలైజేషన్లు ఉంటాయి. అర్హతలు సంస్థను బట్టి మారతాయి కాబట్టి బీటెక్ వాళ్లు నోటిఫికేషన్‌లో తమ బ్రాంచి, మార్కుల నిబంధన చూసుకోవాలి.

సీబీఐడీ: కమ్యూనిటీ బేస్డ్ ఇంక్లూజివ్ డెవలప్‌మెంట్. ఆర్‌సీఐ, మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం కలిసి రూపొందించిన ఆరు నెలల కోర్సు. 2021లో మొదలైంది. ఇళ్లకు, ఊళ్లకు వెళ్లి పనిచేసే ‘దివ్యాంగ్ మిత్ర’లను తయారు చేయడం దీని ఉద్దేశం.

థెరపీ కోర్సులు: స్పీచ్ థెరపీకి బీఏఎస్‌ఎల్‌పీ, రోజువారీ పనుల్లో శిక్షణకు ఆక్యుపేషనల్ థెరపీలో డిగ్రీ. ఇంటర్ బైపీసీ వాళ్లు ఎంబీబీఎస్ ఒక్కటే చూడకుండా వీటిమీదా కన్నేయవచ్చు.

తెలుగువారికి ఉన్న పెద్ద సౌలభ్యం, ఈ రంగంలో దేశంలోనే ముఖ్యమైన సంస్థ మన దగ్గరే ఉండటం. సికింద్రాబాద్‌ మనోవికాస్‌నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ అది. ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ. మేధో వైకల్య రంగంలో డిప్లొమా నుంచి పీజీ స్థాయి వరకు కోర్సులు అందిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోని నెల్లూరులో కేంద్ర ప్రభుత్వ కాంపోజిట్ రీజనల్ సెంటర్ ఉంది.

సర్కారీ కొలువుల విషయానికొస్తే, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ప్రాథమిక స్థాయిలో 10 మందికి ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచర్లు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తెలంగాణ 2024 డీఎస్సీలోని 11,062 పోస్టుల్లో స్పెషల్ ఎడ్యుకేషన్‌కు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ ఖాళీలు చూపారు. ఆంధ్రప్రదేశ్ 2025లో 2,260 స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ పోస్టులు మంజూరు చేసింది. అయితే ఇవి పిల్లల చదువు కోసం. పద్దెనిమిదేళ్లు దాటినవారికి తోడ్పడే కొలువులు ఎక్కువగా స్వచ్ఛంద సంస్థలు, థెరపీ కేంద్రాలు, గ్రూప్ హోమ్‌లు, కంపెనీల డైవర్సిటీ విభాగాల్లో ఉంటాయి. జాబ్ సైట్లలో ‘జాబ్ కోచ్’ అని వెతికితే కొన్నే దొరుకుతాయి. స్పెషల్ ఎడ్యుకేటర్, వొకేషనల్ ఇన్‌స్ట్రక్టర్, ప్రోగ్రామ్ కోఆర్డినేటర్, కేర్‌గివర్ అని కూడా వెతకండి.

జీతం దాచాల్సిన విషయం కాదు. స్వచ్ఛంద సంస్థల్లో తొలి జీతం ఐటీ ప్యాకేజీలకు దరిదాపుల్లో ఉండదు. అనుభవం, రిజిస్ట్రేషన్, థెరపీ నైపుణ్యం చేరేకొద్దీ పెరుగుతుంది. మనసు అలసిపోవడం కూడా నిజమే. మూడు నెలలు నేర్పింది ఒక్క జ్వరంతో మొదటికొచ్చే రోజులుంటాయి. ఇంటి బాధ్యతలున్నవారు ఈ లెక్కలన్నీ వేసుకునే దిగాలి.

చట్టం కొంచెం తెలిసుండాలి

‘మా తర్వాత?’ అనే ప్రశ్నకు నైపుణ్యాలు ఒక సగమే. ఇల్లు, డబ్బు, సంతకం రెండో సగం. మీరు పనిచేసే కుటుంబం ముందు వీటి గురించి మిమ్మల్నే అడుగుతుంది.

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం వచ్చింది. దీని కింద ‘నిరామయ’ ఆరోగ్య బీమా రూ.లక్ష వరకు వర్తిస్తుంది. పెద్దవారు కలిసి ఉండే గ్రూప్ హోమ్‌లకు ‘ఘరౌందా’ పథకం ఉంది. సంరక్షకుల నియామకాన్ని కలెక్టర్ ఉండే స్థానిక కమిటీ చూస్తుంది. 2016 చట్టంలోని 14వ సెక్షన్ మాత్రం ‘పరిమిత సంరక్షణ’ గురించి చెబుతుంది. అంటే సంరక్షకుడు మొత్తం నిర్ణయాలు లాగేసుకోకుండా, అవసరమైన విషయంలో, అవసరమైనంత కాలం, ఆ వ్యక్తితో సంప్రదించి తోడుండాలి. ఈ తేడా తెలియక చాలా ఇళ్లలో బ్యాంకు పని కోసం తీసుకున్న కాగితం జీవితం మొత్తానికి తాళం అయిపోతుంది.

పింఛను కూడా చిన్న విషయమేం కాదు. దివ్యాంగులకు తెలంగాణ 2023లో నెలకు రూ.4,016కు, ఆంధ్రప్రదేశ్ 2024లో రూ.6 వేలకు పింఛను పెంచాయి. ఆ డబ్బు ఎక్కువగా ఇంటి ఖర్చులో కలిసిపోతుంది. అందులో కొంతైనా సొంతదారు చేతికిచ్చి, ‘దీంతో ఏం కొనుక్కుంటారు?’ అని అడగడం స్వతంత్ర జీవనంలో మొదటి పాఠం కావచ్చు.

మీకు నప్పుతుందా? ఇలా చూసుకోండి

కోర్సు ఫీజు కట్టకముందే దగ్గర్లోని కేంద్రంలో అనుమతి తీసుకుని ఓ నెల వారాంతాలు గడపండి. పండ్లు, బిస్కెట్లు పంచి సెల్ఫీ దిగే సందర్శన కాకూడదు. రోజువారీ పని జరిగే సమయానికి వెళ్లి ఒక మూల కూర్చుని చూడండి. మీ గురించి మీకే కొన్ని విషయాలు తేలతాయి.

ఒకే పనిని ఇరవయ్యోసారి చూపించేటప్పుడు మీ గొంతు మారుతోందా? ఎదుటివారు తడబడుతుంటే ఆగగలుగుతున్నారా, చెయ్యి దానంతటదే ముందుకు వెళ్తోందా? మీ సలహా వాళ్లకు నచ్చకపోతే చిన్నబుచ్చుకుంటున్నారా? ఈ మూడూ సాధనతో మెరుగుపడేవే. కానీ మెరుగుపరుచుకోవాలన్న ఓపిక ఉందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

మాట తీరు కూడా సరిచూసుకోవాలి. ముప్పై ఏళ్ల మనిషిని పట్టుకుని ‘ఏం బుజ్జీ, అన్నం తిన్నావా’ అనకండి. వాళ్ల వయసు వేరేవాళ్లను ఎలా పిలుస్తారో అలాగే పిలవండి. మీకన్నా పెద్దవారైతే ‘మీరు’ అనండి. అమ్మానాన్నలు పక్కనున్నా ప్రశ్న నేరుగా వాళ్లనే అడగండి. జవాబు రావడానికి సమయం పడితే పట్టనివ్వండి. క్యాంపస్‌లో సరదాకి వాడేసే ‘మెంటల్’ లాంటి మాటలను ఈ రంగంలోకి వచ్చేముందే గేటు బయట వదిలేయండి.

సంస్థలో ఇంటర్వ్యూకు వెళ్తే మీరూ ఒక ప్రశ్న అడగండి. ‘గత ఏడాది ఇక్కడి నుంచి ఎంతమంది బయటికి వెళ్లారు? ఉద్యోగానికో, సొంత ఇంటికో, మామూలు గ్రూప్ హోమ్‌కో?’ జవాబులో పేర్లు, వివరాలు వస్తే అక్కడ నేర్చుకోవడానికి చాలా ఉంటుంది. ‘వీళ్లు ఎక్కడికీ వెళ్లలేరమ్మా, ఇక్కడే బాగుంటారు’ అన్నారంటే, మంచి మనుషులే అయినా, ఆ చోట చెయ్యి పట్టుకోవడమే తప్ప వదలడం నేర్పరని అర్థం. మీ తొలి కొలువుకు మొదటి రకం చోటు ఎంచుకోండి.